జియోమాగ్నెటిక్ తుఫాను టైంలో పై వాతావరణం నుంచి వచ్చే ఎనర్జీ కణాల్ని ఎలా పట్టుకోవాలి

పెద్ద జియోమాగ్నెటిక్ స్టార్మ్, అంటే సూర్యుడి దెబ్బకి భూమి అయస్కాంత క్షేత్రం అల్లల్లాడే తుఫాను, వస్తోందని అలర్ట్ పడగానే చాలామంది అడిగేది ఒకటే, నా దగ్గర గైగర్ కౌంటర్ ఉంది, డాబా మీద పెడితే ఏమైనా పడుతుందా అని. పడదండీ. తుఫానులో పైనుంచి రాలే ఎలక్ట్రాన్లు ఎంత జోరుగా వచ్చినా వాతావరణం పై పొరల్లోనే ఆగిపోతాయి, 10 కేఈవీ ఎలక్ట్రాన్ సుమారు 110 కిలోమీటర్ల ఎత్తులో, 30 కేఈవీది 90 దగ్గర, 100 కేఈవీది 80 దగ్గర, ఆఖరికి 1 ఎంఈవీ ఎలక్ట్రాన్ కూడా 60 చుట్టుపక్కలే తన శక్తంతా వదిలేస్తుంది (కేఈవీ అంటే కిలో ఎలక్ట్రాన్ వోల్టు, ఎంఈవీ అంటే దానికి వెయ్యి రెట్లు). నేల మీద మీ కౌంటర్ ఆ రోజు ఏమైనా తేడా చూపిస్తే అది చాలావరకు పెరగడం కాకుండా తగ్గడమే అవుతుంది, సూర్యుడి నుంచి వచ్చిన ప్లాస్మా మేఘం దూరం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల్ని అడ్డుకుంటుంది కాబట్టి, దాన్ని ఫోర్‌బుష్ డిక్రీజ్ అంటారు, అది వేరే సంగతి.

మరి ఎలా పట్టుకోవాలి? కణం ఆగినచోట ఏదో ఒకటి బయటికి వస్తుంది, ఆ వచ్చేదాన్ని పట్టుకోవాలి. మామూలుగా వచ్చేవి ఇవి: వెలుగు, అంటే అరోరా, ఎక్స్ కిరణాలు, ఇంకా చాలామంది వినని మూడోది, ఎనర్జిటిక్ న్యూట్రల్ ఆటమ్స్, అంటే చార్జి లేకుండా దూసుకుపోయే పరమాణువులు, వీటిని ఈఎన్‌ఏ అని పిలుస్తారు. వీటితోపాటు ఆగినచోట గాలి అయనీకరణం అవుతుంది, అది రేడియో సిగ్నల్ మీద కనిపిస్తుంది. అరోరా గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి దాన్ని దాదాపు వదిలేస్తున్నా, నాకు ఇష్టమైంది మాత్రం ఈఎన్‌ఏనే, దానిమీద ఎక్కువ చెప్తాను.

అన్నిటికంటే ముందు ఒక మాట, ఇది నిజంగా బుర్రలో పెట్టుకోండి. తుఫాను రోజు డేటా ఒక్కటే చేతిలో ఉంటే దానితో ఏమీ చెప్పలేరు. ప్రశాంతంగా ఉన్న రోజున అదే చోట, అదే టైంలో, అదే పరికరం ఏం చూపించిందో తెలిస్తేనే తేడా తెలుస్తుంది. కాబట్టి పని తుఫాను వచ్చాక మొదలెట్టేది కాదు, కనీసం పది పదిహేను రోజుల ముందే మొదలవ్వాలి.

మొదటి పని: తుఫాను ఎప్పుడు, ఎంత, ఏ దశలో ఉందో గుర్తుపెట్టుకోవడం

రెండు నంబర్లు చూడాలి. ఒకటి కేపీ ఇండెక్స్, 0 నుంచి 9 వరకు, మూడేసి గంటలకి ఒకటి, జర్మనీలోని జీఎఫ్‌జెడ్ పాట్స్‌డామ్ వాళ్ళు ఇస్తారు. అలర్టుల్లో జీ1 నుంచి జీ5 అని చూస్తుంటాం కదా, కేపీ 5 అయితే జీ1, కేపీ 9 అయితే జీ5. రెండోది డీఎస్‌టీ, ఇది గంటకొకటి, జపాన్ క్యోటోలోని డేటా సెంటర్ ఇస్తుంది, హెర్మనస్, కాకియోకా, హోనొలులు, శాన్ హువాన్ అనే నాలుగు చోట్ల భూమి అయస్కాంత క్షేత్రం ఎంత తగ్గిందో చూసి లెక్కేస్తారు. మన పనికి డీఎస్‌టీనే ముఖ్యం, ఎందుకంటే అది తగ్గేది రింగ్ కరెంట్ వల్ల, అంటే భూమి చుట్టూ కొన్ని భూవ్యాసార్ధాల దూరంలో పదుల నుంచి రెండొందల కేఈవీ దాకా శక్తితో తిరిగే ప్రోటాన్లు, ఆక్సిజన్ అయాన్ల వల్ల, ఆ రింగ్ కరెంటే ఈఎన్‌ఏలకి పుట్టిల్లు. మైనస్ 50 నానోటెస్లా దాటితే ఓ మాదిరి తుఫాను, మైనస్ 100 దాటితే గట్టిది, మైనస్ 250 దాటితే మహా తుఫాను. 1989 మార్చిలో కెనడాలోని క్యుబెక్‌లో కరెంటు పోయిన తుఫాను మైనస్ 589కి వెళ్ళింది, 2024 మే 10, 11 తేదీల్లో వచ్చింది మైనస్ 400 దాటింది.

డీఎస్‌టీ గ్రాఫ్ మీద మూడు గీతలు గీసుకోండి, తుఫాను తగిలిన క్షణం (ఒక్కసారి పైకి ఎగురుతుంది), అక్కడినుంచి కిందకి పడుతూ వెళ్ళే మెయిన్ ఫేజ్, తర్వాత రోజుల తరబడి మెల్లగా కోలుకునే రికవరీ ఫేజ్. మీరు తర్వాత చూసే ప్రతి సిగ్నల్‌నీ ఈ మూడింటిలో ఎక్కడ పడిందో చూసి అర్థం చేసుకోవాలి.

లైవ్‌గా కాచుకోవాలనుకుంటే భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో సూర్యుడి వైపు ఉన్న శాటిలైట్ల సోలార్ విండ్ (సూర్యుడి నుంచి వీచే కణాల గాలి) డేటా చూడండి. అందులో బీజెడ్ అనే అంకె (ఆ గాలి మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రంలో ఉత్తర దక్షిణ భాగం, మైనస్ అంటే దక్షిణం వైపు) మైనస్‌లోకి వెళ్ళి గంటల తరబడి అక్కడే ఉంటే పని మొదలైనట్టే, గాలి స్పీడుని బట్టి అరగంట నుంచి గంట దాకా టైం దొరుకుతుంది, చాలా స్పీడుగా వస్తుంటే ఇంకా తక్కువ. పాత డేటాతో నేర్చుకునేవాళ్ళకి ఈ హడావుడి అక్కర్లేదు, నా సలహా కూడా మొదటిసారి పాత తుఫానుతోనే చెయ్యమని.

ఏ తుఫాను తీసుకోవాలి అంటే 2015 మార్చి 17 తీసుకోండి. 2024 మే ఊరిస్తుంది కానీ దానికి సూర్యుడి నుంచి వచ్చిన ప్రోటాన్ల వాన కూడా తోడైంది, డిటెక్టర్లు కలగాపులగం అయిపోతాయి, కొత్తవాళ్ళు చిక్కుకుంటారు. 2015 మార్చిది ఆ రకంగా శుభ్రమైంది, యూటీ (యూనివర్సల్ టైం) ప్రకారం ఉదయం 4:45 ప్రాంతంలో తగిలింది, రెండు మెట్లుగా పడింది, రాత్రి 11 ముందు అడుగుకి చేరి మైనస్ 220 దాటింది.

రెండో పని: శాటిలైట్ డేటా తెచ్చుకోవడం, చెత్త తియ్యడం

అమెరికా ఎన్‌ఓఏఏ వాతావరణ శాటిలైట్లు, యూరప్ మెటాప్ శాటిలైట్లు సుమారు 800 నుంచి 850 కిలోమీటర్ల ఎత్తులో ధ్రువాల మీదుగా తిరుగుతూ ఉండేవి, వీటిలో మెపెడ్ అనే చిన్న కణ డిటెక్టర్ ఉంటుంది. మబ్బుల్ని చూడ్డానికి పంపిన శాటిలైట్ల మీద ఒక మూలన కూర్చున్న ఈ పెట్టె దశాబ్దాల పాటు కణాల్ని లెక్కపెడుతూ వచ్చింది, ఆ డేటా అంతా ఎన్‌ఓఏఏ ఆర్కైవ్‌లో ఫ్రీగా ఉంది. 2015 మార్చికి ఎన్‌ఓఏఏ-15, 18, 19, మెటాప్-ఏ, మెటాప్-బీ అని ఐదు దొరుకుతాయి. నెట్‌సీడీఎఫ్ అనే రకం డేటా ఫైళ్ళు, పైథాన్‌లో తెరుచుకుంటాయి, పైథాన్ రాకపోతే ఒక రోజు ఫైల్‌ని టెక్స్ట్‌గా మార్చుకుని స్ప్రెడ్‌షీట్‌లో వేసినా మొదటిసారికి సరిపోతుంది. ఒక్క శాటిలైట్‌తో మొదలెట్టండి, ఐదూ ఒకేసారి దించుకుంటే ఏది ఏదో తెలియకుండా పోతుంది.

మెపెడ్‌లో రెండేసి టెలిస్కోపులు ఉంటాయి, ఒకటి 0 డిగ్రీది, నేరుగా ఆకాశం వైపు చూస్తుంది, రెండోది 90 డిగ్రీది, దానికి అడ్డంగా. ఎలక్ట్రాన్లకి మూడు ఛానెళ్ళు, 30 కేఈవీ పైన, 100 పైన, 300 పైన. ప్రోటాన్లకి పీ1 నుంచి పీ6 దాకా, అందులో పీ1 అంటే 30 నుంచి 80 కేఈవీ, ఇదే మనకి బంగారం.

ఇక్కడ అర్థం చేసుకోవాల్సిన కిటుకు ఒకటుంది. ధ్రువాల దగ్గర అయస్కాంత రేఖలు నిలువుగా ఉంటాయి, అందుకని పైకి చూసే 0 డిగ్రీ టెలిస్కోపు రేఖ వెంట కిందకి రాలే కణాల్ని చూస్తుంది, 90ది రేఖల మీద చిక్కుకుని అటూ ఇటూ ఊగే వాటిని చూస్తుంది. మాగ్నెటిక్ ఈక్వేటర్ దగ్గర రేఖలు అడ్డంగా పడుకుని ఉంటాయి కాబట్టి ఇది తిరగబడుతుంది, అక్కడ 0 డిగ్రీదే రేఖకి అడ్డంగా తిరిగే కణాల్ని చూస్తుంది. ఇది మర్చిపోయి ఒకే పేరుతో అన్నిచోట్లా ప్లాట్ వేస్తే అర్థం తలకిందులైపోతుంది.

ఇక చెత్త తియ్యడం. మొట్టమొదట సౌత్ అట్లాంటిక్ అనామలీ. అక్కడ భూమి క్షేత్రం బలహీనం, లోపలి రేడియేషన్ బెల్ట్ (భూమి చుట్టూ చిక్కుకుపోయిన కణాల పట్టీ) కిందకి దిగి ఉంటుంది, శాటిలైట్ అందులోకి వెళ్ళినప్పుడల్లా ప్రతి ఛానెలూ పేలిపోతుంది, తుఫాను ఉన్నా లేకపోయినా. దక్షిణ అమెరికా నుంచి దక్షిణ అట్లాంటిక్ మీదుగా ఆఫ్రికా దక్షిణ కొస వరకు ఉన్న రేఖాంశాల్ని మొత్తంగా కొట్టేయండి, పొదుపు చెయ్యొద్దు. నేను మొదటిసారి ఇది తియ్యకుండా ప్లాట్ వేసి పెద్ద శిఖరాలు చూసి రెండు రోజులు వాటి చుట్టూనే తిరిగాను, ప్రశాంతమైన రోజు డేటా పక్కన పెట్టి పోల్చాక గానీ అవే శిఖరాలు అక్కడా ఉన్నాయని తెలీలేదు.

రెండోది, ఎలక్ట్రాన్ ఛానెళ్ళలో ప్రోటాన్లు దూరడం. రెండు మూడు వందల కేఈవీ నుంచి రెండున్నర ఎంఈవీ దాకా ఉన్న ప్రోటాన్లని కూడా ఆ డిటెక్టర్లు ఎలక్ట్రాన్లని లెక్కేసేస్తాయి. కాబట్టి అదే టైంలో పీ3, పీ4 కూడా ఎగిరితే ఆ ఎలక్ట్రాన్ నంబర్ని నమ్మొద్దు, ఆర్కైవ్‌లో కరెక్ట్ చేసిన వెర్షన్ ఉంటే అదే తీసుకోండి. విచిత్రం ఏంటంటే దీనికి ఉల్టా కూడా ఉంది, పీ6 ఛానెల్ పేరుకి ప్రోటాన్లదే కానీ ప్రోటాన్లు లేని టైంలో అది బాగా స్పీడుగా వచ్చే, దాదాపు ఎంఈవీ స్థాయి ఎలక్ట్రాన్లకి స్పందిస్తుంది, ఈ పనిలో ఉన్నవాళ్ళు దాన్ని నాలుగో ఎలక్ట్రాన్ ఛానెల్‌గా వాడేసుకుంటారు.

మూడోది, డిటెక్టర్ వయసు. ఏళ్ళ తరబడి కణాలు తగిలి తగిలి ప్రోటాన్ డిటెక్టర్లు మొద్దుబారతాయి, 30 కేఈవీ దగ్గర మొదలవ్వాల్సిన పీ1 ఇంకా ఎక్కువ శక్తి దగ్గర మొదలవుతుంది. 1998లో ఎగిరిన ఎన్‌ఓఏఏ-15 అంకెల్నీ 2012లో ఎగిరిన మెటాప్-బీ అంకెల్నీ పక్కపక్కన పెట్టి ఇది ఎక్కువ అది తక్కువ అనొద్దు. ఒకే శాటిలైట్‌ని దాని ప్రశాంతమైన రోజుతోనే పోల్చండి. ప్రశాంతమైన రోజులు ఏవో మనం ఊహించక్కర్లేదు, నెలనెలా ఇంటర్నేషనల్ క్వయట్ డేస్ లిస్టు జీఎఫ్‌జెడ్ ఇస్తుంది.

మూడో పని: ఈక్వేటర్ దగ్గర ఈఎన్‌ఏ బెల్ట్‌ని పట్టుకోవడం

ఇదే నాకు బాగా నచ్చే భాగం. మామూలుగా అందరూ ధ్రువాల వైపే చూస్తారు, ఎందుకంటే చార్జి ఉన్న కణం అయస్కాంత రేఖ వెంటే పోవాలి, రింగ్ కరెంట్ నుంచి రేఖలు దిగేది ఈక్వేటర్‌కి చాలా పైన. అలాంటప్పుడు ఈక్వేటర్ దగ్గర 800 కిలోమీటర్ల ఎత్తులో తుఫాను కణాలు ఉండకూడదు. కానీ ఉంటాయి. 1969లో ఎగిరిన జర్మన్ శాటిలైట్ అజూర్ అక్కడ ప్రోటాన్లని చూసింది, 1972లో దానికి వివరణ ఇచ్చారు, ఎంత చక్కటి వివరణో చూడండి.

భూమి చుట్టూ చాలా దూరం దాకా పల్చటి హైడ్రోజన్ పొర ఉంటుంది, జియోకరోనా అంటారు. రింగ్ కరెంట్‌లో తిరిగే ప్రోటాన్ ఆ చల్లటి హైడ్రోజన్ పక్కనుంచి పోతూ దాని ఎలక్ట్రాన్‌ని లాగేసుకుంటుంది. ఇప్పుడు ఆ ప్రోటాన్ చార్జి లేని హైడ్రోజన్ పరమాణువు, కానీ స్పీడు మాత్రం అలాగే ఉంటుంది. ఇంక అయస్కాంత క్షేత్రం దాన్ని పట్టుకోలేదు, అది ఆ క్షణంలో ఎటు పోతోందో అటే సూటిగా పోతుంది. 50 కేఈవీ హైడ్రోజన్ అయితే సెకనుకి సుమారు 3,100 కిలోమీటర్లు, 20,000 కిలోమీటర్ల దూరం ఆరేడు సెకన్లలో వచ్చేస్తుంది. వాటిలో కొన్ని భూమి వైపు వచ్చి పై వాతావరణంలోకి దిగి, అక్కడ గుద్దుకుని ఎలక్ట్రాన్ పోగొట్టుకుని మళ్ళీ ప్రోటాన్ అయిపోయి, అక్కడి అడ్డంగా ఉన్న రేఖలకి కాసేపు చిక్కుకుని, మళ్ళీ ఎలక్ట్రాన్ తీసుకుని ఎగిరిపోతాయి. అలా చార్జి వదిలి, చార్జి తెచ్చుకుంటూ ఈక్వేటర్ దగ్గర ఒక పల్చటి బెల్ట్ తయారవుతుంది, తుఫాను ఉన్నంతకాలమే.

దాన్ని చూడ్డానికి ఇలా చెయ్యండి. 0 డిగ్రీ టెలిస్కోపు పీ1 తీసుకోండి. మాగ్నెటిక్ ఈక్వేటర్‌కి అటూ ఇటూ 20 డిగ్రీల లోపు డేటా మాత్రమే ఉంచండి, ఇక్కడ మాగ్నెటిక్ అక్షాంశం కావాలి, మామూలు అక్షాంశం వాడితే బెల్ట్ చెదిరిపోతుంది. అనామలీ రేఖాంశాలు తీసేశారు కదా, మిగిలినవాటిలో ఒక్కో ఈక్వేటర్ దాటుడుకి ఒక్కో సగటు తియ్యండి. శాటిలైట్ ఒక చుట్టుకి వంద నిమిషాల పైన తీసుకుంటుంది, రోజుకి 14 చుట్లు, చుట్టుకి రెండుసార్లు ఈక్వేటర్ దాటుతుంది, అంటే 28 దాటుళ్ళు, అనామలీలో పడినవి పోగా మిగిలేవే మీ చుక్కలు.

ఒక్కో సెకను కౌంట్ చూసి నిరాశపడొద్దు, అక్కడ ప్రశాంతంగా ఉన్నప్పుడు కౌంట్లు సున్నా, ఒకటి, సున్నా అని ఉంటాయి. కౌంట్ల లెక్కలో ఒక మామూలు రూలు ఉంది, మొత్తం ఎన్ని పడ్డాయో దాని వర్గమూలం అంత అటూ ఇటూ ఊగుడు సహజం. నాలుగు పడితే రెండు అటూ ఇటూ, అది ఏమీ చెప్పదు. వంద పడితే పది అటూ ఇటూ, అప్పుడు కాస్త నమ్మొచ్చు. అందుకే ఒక దాటుడులోని సెకన్లన్నీ కలిపాకే మాట్లాడాలి. ప్రశాంతమైన రోజుల్లో అదే రేఖాంశాల దగ్గర వచ్చిన సగటుని తీసేసి, మిగిలినది ఆ ఊగుడుకి కనీసం మూడు రెట్లు ఉంటేనే సిగ్నల్ అని రాసుకోండి.

ఇప్పుడు ఈ చుక్కల్ని డీఎస్‌టీ గ్రాఫ్ కింద పెట్టండి, డీఎస్‌టీని తలకిందులు చేసి. రెండూ కలిసి లేస్తున్నట్టు కనిపిస్తాయి. మొదటిసారి అది చూసినప్పుడు ఎలా ఉంటుందో చెప్పలేను, నాలుగు అబ్జర్వేటరీల్లో అయస్కాంత సూది కదిలిన కదలికా, ఎక్కడో 800 కిలోమీటర్ల ఎత్తులో ఒక చిన్న సిలికాన్ ముక్క మీద పడిన పరమాణువుల లెక్కా ఒకే కథ చెప్తుంటాయి. ఇంకో పరీక్ష కూడా చెయ్యండి, సాయంత్రం, అర్ధరాత్రి వైపు దాటుళ్ళనీ ఉదయం వైపు దాటుళ్ళనీ వేరే రంగుల్లో వెయ్యండి, మెయిన్ ఫేజ్‌లో రింగ్ కరెంట్ ఒకవైపే, సాయంత్రం నుంచి అర్ధరాత్రి వైపే బరువుగా ఉంటుంది, రికవరీలో గుండ్రంగా సర్దుకుంటుంది.

నాలుగో పని: ధ్రువాల వైపు రాలే ఎలక్ట్రాన్లు

అదే ఫైల్, ఈసారి ఎల్ విలువ 3 నుంచి 7 మధ్య ఉన్న డేటా తీసుకోండి (ఎల్ అంటే ఆ అయస్కాంత రేఖ ఈక్వేటర్ మీద ఎన్ని భూవ్యాసార్ధాల దూరంలో ఉంటుందో ఆ అంకె). ఎలక్ట్రాన్ 0 డిగ్రీ, 90 డిగ్రీ రెండూ ఒకే ప్లాట్‌లో, నిలువు స్కేల్ లాగరిథమిక్‌లో వెయ్యండి. 90 మాత్రమే పెరిగి 0 కింద పడుంటే కణాలు ఉన్నాయి కానీ రాలట్లేదు. 0 లేచి 90ని అందుకుంటే రాలుతున్నాయి, అదీ గట్టిగా. మధ్యలో ఉంటే రాలుతున్నాయి గానీ 0 టెలిస్కోపు ఆ రాలే కోన్‌లో (రేఖ చుట్టూ శంకువులా ఉండే, రాలిపోయే కణాల దిశల్లో) కొంత భాగాన్నే చూస్తుంది కాబట్టి అసలు సంఖ్య కంటే తక్కువ చూపిస్తుంది, తక్కువ ఉంది కదాని కొట్టిపారెయ్యొద్దు. ఎలక్ట్రాన్లు అర్ధరాత్రి నుంచి తూర్పుకి, అంటే తెల్లవారు వైపుకి జరుగుతాయి, ప్రోటాన్లు పడమరకి, సాయంత్రం వైపుకి, మీ ప్లాట్‌లో లోకల్ టైం ఈ దారిలో లేకపోతే ఎక్కడో గుర్తు తారుమారైంది, వెనక్కి వెళ్ళి చూడండి.

ఐదో పని, ఇంట్లోంచి చేసేది: వీఎల్‌ఎఫ్ రేడియో

డేటా దించుకోవడం కాకుండా సొంతంగా ఏదైనా పెట్టి వినాలి అనుకునేవాళ్ళకి ఇదొక్కటే నిజంగా అందుబాటులో ఉన్న దారి. వీఎల్‌ఎఫ్ అంటే వెరీ లో ఫ్రీక్వెన్సీ, చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ రేడియో. జలాంతర్గాముల కోసం నేవీలు ఇందులో నడిపే ట్రాన్స్‌మిటర్లు కొన్ని ఉన్నాయి, ఆస్ట్రేలియాలో ఎన్‌డబ్ల్యూసీ 19.8 కిలోహెర్ట్జ్, అమెరికా మెయిన్ రాష్ట్రంలో ఎన్‌ఏఏ 24.0, జర్మనీలో డీహెచ్‌ఓ38 అనేది 23.4. ఈ తరంగాలు నేలకీ అయనోస్ఫియర్ (పైన చార్జి ఉన్న గాలి పొర) అడుగుకీ మధ్య గొట్టంలో పోయినట్టు పోతాయి, ఆ అడుగు పగలు సుమారు 70 కిలోమీటర్ల దగ్గర, రాత్రి 85 పైన ఉంటుంది. పైనుంచి 100 కేఈవీ ఎలక్ట్రాన్లు రాలితే అవి ఆగేది సరిగ్గా అక్కడే, అప్పుడు ఆ కప్పు కిందకి వంగుతుంది, మీకు వచ్చే సిగ్నల్ బలమూ ఫేజూ మారుతాయి.

పరికరం: చెక్క ఫ్రేమ్‌కి పదుల చుట్లు రాగి వైరు చుట్టిన లూప్ యాంటెన్నా, చిన్న ప్రీయాంప్లిఫయర్, సౌండ్ కార్డు, కంప్యూటర్. సౌండ్ కార్డు సెకనుకి 96,000 శాంపిల్స్ తీసుకునేదై ఉండాలి, 48,000ది అయితే సరిగ్గా 24 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, ఆ అంచునే ఉన్న ఎన్‌ఏఏ, అంతకంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీ స్టేషన్లు పోతాయి. స్టాన్‌ఫర్డ్ వాళ్ళ సూపర్‌సిడ్ లాంటి సాఫ్ట్‌వేర్ కొన్ని ఫ్రీక్వెన్సీలని ఎంచుకుని ఐదేసి సెకన్లకి బలం రాస్తూ పోతుంది. యాంటెన్నాని మొబైల్ చార్జర్లు, ఎల్ఈడీ బల్బులు, టీవీల నుంచి ఎంత దూరం పెడితే అంత మంచిది, ఈ పనిలో సగం బాధ వాటి రొదే. కంప్యూటర్ గడియారం ఇంటర్నెట్ టైంతో కలిసి ఉండాలి, రికార్డు అంతా యూటీలోనే రాయండి.

తర్వాత దారి గురించి ఆలోచించండి. ట్రాన్స్‌మిటర్‌కీ మీకూ మధ్య దారి ఎల్ 3 పైనున్న ప్రాంతం మీదుగా పోతేనే తుఫాను ఎలక్ట్రాన్లు కనిపిస్తాయి. రెండు కొసలూ ఈక్వేటర్ దగ్గరే ఉంటే ఎంత పెద్ద తుఫాను వచ్చినా ఈ పద్ధతిలో దాదాపు ఏమీ కనిపించదు, అలాంటిచోట ఉన్నవాళ్ళు మూడో పనితోనే సరిపెట్టుకోండి లేదా ఉత్తరాన ఉన్న రిసీవర్ల డేటా తీసుకోండి.

చూడాల్సింది రాత్రి భాగం. పగలు ఆ పొర మీద సూర్యుడిదే పెత్తనం, కణాల చేత మారేది మునిగిపోతుంది. పది పదిహేను ప్రశాంతమైన రాత్రుల్ని ఒకదానిమీద ఒకటి వేసి, ప్రతి నిమిషానికీ మధ్యస్థం తీసుకుంటే మీ క్వయట్ కర్వ్ వస్తుంది. తుఫాను రాత్రి రికార్డులోంచి ఆ కర్వ్‌ని తీసెయ్యండి, మిగిలిందే తేడా. సౌర జ్వాలలతో కలిపేసుకోకుండా ఇది గుర్తుంచుకోండి, జ్వాల పగటి దారుల్లోనే కనిపిస్తుంది, నిమిషాల్లో లేచి నున్నగా ఒక వంపులో దిగుతుంది, కణాల రాలుడు రాత్రి కూడా ఉంటుంది, ఎగుడుదిగుడుగా గంటలు సాగుతుంది. ఇంకొకటి, ఈ ట్రాన్స్‌మిటర్లని రిపేరు పనికి ఆపేస్తుంటారు, సిగ్నల్ ఒక్కసారి గోడ కూలినట్టు పడిపోయి, మళ్ళీ అంతే నిటారుగా లేస్తే అది ఆకాశం పని కాదు.

అరోరా ప్రాంతాల్లో ఉండేవాళ్ళయితే రయోమీటర్ కూడా చూడండి, 30 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల పాలపుంత నుంచి వచ్చే రేడియో రొదని వింటూ ఎంత మింగబడిందో డెసిబెల్స్‌లో చెప్తుంది, దీనికీ క్వయట్ డే కర్వే ప్రాణం, కాకపోతే ఇక్కడ గడియారం నక్షత్ర కాలంలో నడవాలి, రోజుకి నాలుగు నిమిషాలు ముందుకి జరుగుతుంది.

బెలూన్ ఎగరేసే అవకాశం ఉన్నవాళ్ళకి

రాలిన ఎలక్ట్రాన్ గాలిలో బ్రేకు పడినప్పుడు ఎక్స్ కిరణాలు వదుల్తుంది, ఎలక్ట్రాన్ 80 కిలోమీటర్ల దగ్గర ఆగినా ఆ ఎక్స్ కిరణం 30 దాకా దిగుతుంది. 30 కిలోమీటర్ల ఎత్తులో పైన మిగిలిన గాలి చదరపు సెంటీమీటర్‌కి పది గ్రాముల పైచిలుకు మాత్రమే, 20 దగ్గరికొచ్చేసరికి యాభై దాటుతుంది, అక్కడ ఏమీ మిగలదు. కాబట్టి మీ బెలూన్ 30 దాటకపోతే ఎగరేసి లాభం లేదు. 1957లో మినియాపొలిస్ దగ్గర విన్‌క్లర్ బృందం అరోరా సమయంలో బెలూన్‌తో ఈ ఎక్స్ కిరణాల్ని చూసింది, అదే ఏడాది నుంచి మాస్కో లెబెదెవ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు క్రమం తప్పకుండా బెలూన్లు ఎగరేస్తూ వచ్చారు, 2013, 2014లో బారెల్ అనే ప్రాజెక్టు అంటార్కిటికా నుంచి సోడియం అయొడైడ్ డిటెక్టర్లతో ఒకదాని వెంట ఒకటిగా బెలూన్లు పంపింది.

పైకి వెళ్తూ కౌంట్ ఎలా మారుతుందో తెలిసుండాలి, కాస్మిక్ కిరణాల వల్ల 18, 20 కిలోమీటర్ల దాకా పెరిగి, ఆపైన తగ్గాలి. 25 దాటాక తగ్గడం మానేసి మళ్ళీ పెరుగుతుంటే అప్పుడు అనుమానించండి, కింద పొరల్లో తేడా లేకుండా పైన మాత్రమే పెరగడం ఎక్స్ కిరణాల గుర్తు. ఇదీ అరోరా ప్రాంతపు అక్షాంశాల్లోనే. ఎగరేసే ముందు విమానయాన అధికారుల అనుమతి తప్పనిసరి, ఇందులో సర్దుబాటు లేదు.

ఈఎన్‌ఏ కెమెరా ఫొటోని చదవడం

2000 మార్చి 25న ఎగిరిన ఇమేజ్ అనే శాటిలైట్ 2005 డిసెంబర్ దాకా రింగ్ కరెంట్‌ని ఏకంగా ఫొటోలు తీసింది, వెలుగుతో కాదు, ఈఎన్‌ఏలతో. తర్వాత ట్విన్స్ అని రెండు శాటిలైట్ల మీద కూడా కెమెరాలు పెట్టారు. ఆ ఫొటోలు చూస్తే రంగుల మచ్చల్లా ఉంటాయి, చదవడం వస్తేనే విలువ తెలుస్తుంది.

కెమెరా ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం చదివినట్టే. ముందు హై వోల్టేజి ఇచ్చిన పలకల మధ్యనుంచి పోనిస్తారు, చార్జి ఉన్నవన్నీ పక్కకి పోతాయి, న్యూట్రల్స్ మాత్రం సూటిగా వస్తాయి. తర్వాత చాలా పల్చటి రేకు, పరమాణువు దాన్ని దాటేటప్పుడు కొన్ని ఎలక్ట్రాన్లని ఎగరగొడుతుంది, అది స్టార్ట్, వెనకాల డిటెక్టర్‌కి తగిలినప్పుడు స్టాప్. మధ్య దూరం 10 సెంటీమీటర్లు అనుకుంటే 50 కేఈవీ హైడ్రోజన్‌కి సుమారు 32 నానోసెకన్లు పడుతుంది, అదే శక్తి ఉన్న ఆక్సిజన్ నాలుగు రెట్లు మెల్లగా, 130 దగ్గర వస్తుంది. ఆ రేకు ఇంకో పని కూడా చేస్తుంది, జియోకరోనా నుంచి వచ్చే 121.6 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని ఆపుతుంది, అది ఆపకపోతే ఈఎన్‌ఏలు ఆ వెలుగులో పూర్తిగా మునిగిపోతాయి.

ఫొటోలో ముందు భూమి అంచు ఎక్కడుందో చూడండి. దాని చుట్టూ వెడల్పుగా, మసగ్గా ఉన్న మచ్చ రింగ్ కరెంట్‌ది. భూమికి అంటుకుని చిన్నగా, అన్నిటికంటే ప్రకాశంగా ఉండేది మాత్రం వేరు, అది పై వాతావరణం నుంచే వస్తోంది. కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులో ఆక్సిజన్ దట్టంగా ఉంటుంది, అయాన్లు అక్కడిదాకా దిగి అద్దం పడినట్టు వెనక్కి తిరిగేచోట వరసగా చాలాసార్లు చార్జి మార్చుకుంటాయి, అందుకే అంత వెలుగు. ఆ పరమాణువులు రేఖకి దాదాపు అడ్డంగానే బయటపడతాయి కాబట్టి శాటిలైట్ సరైన కోణంలో ఉన్నప్పుడే కనిపిస్తాయి, ఒక ఫొటోలో ఉండి తర్వాత దాంట్లో లేకపోతే ఆగిపోయిందని రాయొద్దు, ముందు శాటిలైట్ ఎక్కడికి జరిగిందో చూడండి. ఇంకో జాగ్రత్త, మచ్చ ప్రకాశం అంటే అయాన్ల సంఖ్య ఒక్కటే కాదు, చూపు దారిలో ఉన్న అయాన్లూ అక్కడి న్యూట్రల్ సాంద్రతా గుణించి కూడిన మొత్తం.

చివర్లో సరిపోల్చడం

సిగ్నల్ దొరికింది అనుకున్నాక ఒక కాగితం మీద యూటీ టైం అడ్డంగా పెట్టి ఒకదాని కింద ఒకటి పేర్చండి: బీజెడ్, డీఎస్‌టీ, ఈక్వేటర్ పీ1, ఎల్ 3 నుంచి 7 ఎలక్ట్రాన్ 0 డిగ్రీది, మీ వీఎల్‌ఎఫ్ తేడా. జియోస్టేషనరీ గోస్ శాటిలైట్ల 10 ఎంఈవీ పైన ప్రోటాన్ల గీత కూడా కింద వెయ్యండి, అది 10 యూనిట్లు దాటి ఉంటే సౌర ప్రోటాన్ ఈవెంట్ నడుస్తున్నట్టు, ఆ గంటల్లో ధ్రువాల దగ్గర ఎలక్ట్రాన్ అంకెలన్నిటికీ పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. రెండు వేర్వేరు పద్ధతుల్లో ఒకే టైంలో కనిపించినదాన్నే ఖాయం అనుకోండి, ఒక్కదాంట్లోనే కనిపించింది ఉంటే విడిగా రాసిపెట్టుకోండి, చెరిపెయ్యొద్దు, వీఎల్‌ఎఫ్ దారి ఒక్కచోట మీదుగానే పోతుంది, శాటిలైట్ ఆ టైంలో ఇంకో ఖండం మీద ఉండొచ్చు.

2015 మార్చి 17కి ఇలా పేర్చి చూస్తే ఉదయం మొదటి మెట్టు దగ్గర పీ1 చుక్కలు కాస్త లేవడం, మధ్యలో కొంచెం ఊపిరి తీసుకోవడం, మధ్యాహ్నం నుంచి రెండో మెట్టుతో మళ్ళీ ఎక్కడం కనిపించాలి. 18వ తేదీ మొత్తం కూడా వెయ్యండి, డీఎస్‌టీ కోలుకుంటున్నప్పుడు బెల్ట్ ఎంత తొందరగా వాడిపోతోందో కొలవండి, రెండూ ఒకే వేగంతో తగ్గవు, 30 నుంచి 80 కేఈవీ ప్రోటాన్లు ఒక లెక్కలో కరిగిపోతుంటే ఆక్సిజన్ ఇంకో లెక్కలో పోతుంది, డీఎస్‌టీలో మాత్రం అన్నీ కలిసే ఉంటాయి.